అరకు రైల్లో 10 నెలల పాపకి చోడి (రాగి) బిస్కెట్లు, సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మేం విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. వచ్చే శనివారం పొద్దున్నే కిరండూల్ రైల్లో, మా 10 నెలల పాపతో మొదటిసారి అరకు వెళ్తున్నాం. దారిలో 50కి పైగా సొరంగాలు కదా, ఉన్నట్టుండి చీకటైతే జడుసుకుంటుందేమోనని ఒక టెన్షన్. అంతకంటే పెద్ద టెన్షన్ తిండి.

బయట బిస్కెట్లు పెట్టడం నాకిష్టం లేదు. నిన్న ఓవెన్‌లో నేనే చేశాను. కప్పు చోడిపిండి దోరగా వేయించి, బాగా మగ్గిన చక్కెరకేళి ఒకటి మెదిపి, రెండు చెంచాల నెయ్యి వేసి కలిపాను. పంచదార, బెల్లం లేవు. ఏడాది నిండలేదు కాబట్టి తేనె ఊసే ఎత్తలేదు. 170 డిగ్రీల్లో 15 నిమిషాలు పెట్టాను. వాసన కమ్మగా వచ్చింది గానీ, పట్టుకోగానే ఇసుకలా రాలిపోయాయి. పాప గుప్పెట్లో పొడే మిగిలింది. ఆ పొడి గొంతుకి అడ్డంపడి దగ్గేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.

చోళ్లలో గోధుమకుండే జిగురు ఉండదు. పావు వంతు గోధుమపిండి కలిపితే పట్టు వస్తుందా, ఇంకో అరటిపండు వెయ్యాలా? విరగకూడదు, కానీ చిగుళ్లతో నమిలేంత మెత్తగా ఉండాలి. అరటిపండు వేసినవి ఆదివారం రాత్రి దాకా నిలవుంటాయా?

చేసి చూసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి, ప్లీజ్. సొరంగాల్లో పిల్లల్ని ఎలా ఊరుకోబెట్టారో కూడా.