అప్‌డేట్: వాగు వెంట గ్రీన్‌వే, చివరికి పొరుగువాళ్లు ఒప్పుకున్నారు

వాగు పక్కనున్న ఖాళీ నేలను పచ్చగా కాపాడి నడకదారి (గ్రీన్‌వే) వేద్దామంటే దాన్ని ఆనుకుని ఇళ్లున్నవాళ్లే వద్దంటున్నారని, ఏం చేయాలో చెప్పమని నాలుగు నెలల కిందట అడిగాను. మొత్తానికి విషయం తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది, "మీటింగులు మానేసి, వాళ్లను వెంటబెట్టుకుని ఆ దారంతా నడవండి" అన్న సలహా. మొదటి రోజు వచ్చింది ఆరుగురే. అందరికంటే గట్టిగా అడ్డుపడిన పెద్దాయన తన పెరటి గోడ దగ్గర ఆగి, "ఇక్కడ నిలబడి చూడండి, మా వంటిల్లు కనిపిస్తుంది" అన్నారు. నిజంగానే కనిపించింది! ఆయన గొడవ పచ్చదనంతో కాదన్నమాట. దారిని అవతలి ఒడ్డుకు జరిపి, ఇటువైపు గుబురు పొదలు పెంచుదామన్నాక ఆయనే మరో నలుగురిని తీసుకొచ్చారు.

రెండో చిక్కు నేల యజమానులది. భూమి లాగేసుకుంటారని వాళ్ల టెన్షన్. లాయరు పరిరక్షణ ఒప్పందం గురించి చెప్పారు: భూమి వాళ్ల పేరుమీదే ఉంటుంది, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు. కట్టడాలు కట్టే హక్కు మాత్రం ఒప్పందం మేరకు వదులుకుంటారు. తర్వాత కొన్నవాళ్లకూ అదే షరతు. అయితే జనం నడిచే హక్కు అందులో దానంతటదే రాదు, స్పష్టంగా రాయించుకోవాలి. మేం ఆ మాట దాదాపు మర్చిపోయాం. చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ దగ్గర కనుక్కోండి.

ఆన్‌లైన్ సంతకాలు మాత్రం దండగ. చాలావరకు ఎక్కడో దూరాన ఉండేవాళ్లవే. ఇళ్ల ధరలు పెరుగుతాయన్న వాదనకూ ఎవరూ కదల్లేదు.

పొదలు నాటడం మొదలైంది.