వేగం మారకపోతే ఫలిత బలం సున్నా అంటే పాపకు నచ్చజెప్పడం ఎలా?

అందరికీ నమస్కారం. మేం ఉప్పల్‌లో ఉంటాం. మా పాప తొమ్మిదో తరగతి. బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే వచ్చేది అని దానికి బాగానే తెలుసు. 20 కిలోల వస్తువుకు ప్రతి సెకనుకూ వేగం 2 మీ/సె చొప్పున పెరగాలంటే 40 న్యూటన్లు కావాలని టక్కున చెప్పేస్తుంది. చిక్కు అక్కడ కాదు.

నిన్న సాయంత్రం 20 లీటర్ల వాటర్ క్యాన్‌ను గుమ్మం నుంచి వంటింటి దాకా నేల మీద నెట్టుకుంటూ తీసుకెళ్లింది. మధ్యలో ఆగి, "నాన్నా, ఒకే వేగంతో నెడుతున్నా కదా, త్వరణం సున్నా. అంటే బలం కూడా సున్నానా? మరి చేతులెందుకు నొప్పి పుడుతున్నాయి?" అంది.

నేల ఘర్షణ వెనక్కి లాగుతుంది, నీ బలం దానికి సరిపోతుంది, లెక్కలో వేసేది ఫలిత బలాన్నే, అంటే అన్ని బలాలూ కలిపి చూస్తే మిగిలేదాన్నే అని చెప్పాను. వెంటనే ఇంకోటి అడిగింది: "రెండూ సమానమైతే క్యాన్ ఆగిపోవాలి కదా?"

మెట్రో ఉదాహరణ చెప్పి చూశాను. రైలు కదిలేటప్పుడు వెనక్కి తూలుతాం, వేగం అందుకున్నాక ఇంట్లో నిలబడ్డట్టే ఉంటాం. కదలడానికి కాదు, వేగం మారడానికే ఫలిత బలం కావాలి అన్నాను. తల ఊపింది గానీ ముఖంలో అనుమానం పోలేదు.

ఫిజిక్స్ చెప్పేవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. క్యాన్‌ను మొదట కదిలించే క్షణాన్నీ, తర్వాత సమానంగా సాగే దశనూ విడదీసి చూపించే చిన్న ప్రయోగం ఏదైనా ఉందా? ఇంట్లో స్ప్రింగ్ త్రాసు ఉంది. శనివారం పరీక్ష, కానీ మార్కుల కంటే దానికి నిజంగా అర్థం కావాలన్నదే నా కోరిక.