వాలు అంటే దిగడమేనా?

మా అమ్మాయికి లెక్క చెబుతూ ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను. ఒక రేఖీయ ప్రమేయం (లీనియర్ ఫంక్షన్) గ్రాఫు, వై = 3ఎక్స్ + 1 అనే గీతకు సమాంతరం. ఎక్స్ 2 అయినప్పుడు ప్రమేయం విలువ 5. ఎక్స్ 10 అయితే ఎంత? సమాంతర రేఖల వాలులు (స్లోప్, అంటే ఎక్స్ 1 పెరిగితే వై ఎంత మారుతుందో అది) సమానం కాబట్టి దీని వాలూ 3 అని చెప్పి గీత గీశాను. "నాన్నా, ఇది పైకి పోతోంది కదా, వాలు అంటావేంటి?" అంది.

నిజమే. పొద్దు వాలుతుంది, రెప్పలు వాలతాయి, పిట్ట కొమ్మ మీద వాలుతుంది. పైకి వాలేది ఒక్కటీ తట్టలేదు. పైగా ఎక్కే గీతకు ధనాత్మక వాలు, దిగేదానికి ఋణాత్మక వాలు! ఇంతకంటే మంచి మాట ఉందా?

స్పందన 1
గోడకు వాలి కూర్చుంటాం కదండీ, అందులో దిగడం ఎక్కడుంది? వాలుచూపు కిందికి చూసేది కాదు, పక్కకు చూసేది. ఏటవాలు అక్షరాలు అన్నా ఒరిగినవనే. ఒరగడం అనే అర్థమే లెక్కల్లోకి వచ్చిందనుకుంటాను. తమిళ లెక్కల పుస్తకాల్లో దీన్ని సాయ్‌వు అంటారు. వాళ్ళ సాయ్‌వు నార్కాలి మన వాలుకుర్చీయే. మాట మార్చక్కర్లేదు.

స్పందన 2
మాది మేస్త్రీల ఇల్లు అన్నా. బాత్రూంలో బండలు పరిచే ముందు మా నాన్న అడిగేది ఒకటే: "నీళ్ళు ఎటు పోవాలి?" మీటరుకు సెంటీమీటరు వాలు అనుకుంటే కింది అంతస్తులోనూ అంతే, పై అంతస్తులోనూ అంతే. రెండు నేలల ఎత్తు వేరు, వాలు ఒకటే, ఎక్కడా కలవవు. మీ సమాంతర రేఖలు అవే.

ఇక ఎక్కడమా దిగడమా అంటే, అదే నేల తలుపు దగ్గర నిలబడి చూస్తే దిగుతుంది, తూము దగ్గర నిలబడి చూస్తే ఎక్కుతుంది. గ్రాఫును ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే చదువుతాం కాబట్టి అక్కడ ఆ గొడవ లేదు.

లెక్కకూ ఇదే దారి. ఒకచోట ఎత్తు తెలుసు, వాలు తెలుసు, చాలు. 2 నుంచి 10కి 8 అడుగులు, అడుగుకు 3 చొప్పున 24 పెరుగుతుంది. 5 కలిపితే 29. స్థిరపదం (3ఎక్స్ పక్కన ఉండే సంఖ్య) −1 అని ముందు కనుక్కుని, 3 పదులు 30లోంచి 1 తీసినా అదే వస్తుంది. కాకపోతే మేస్త్రీ అంత దూరం పోడు.

మళ్ళీ నేనే
బాత్రూం నేల మీద గ్లాసుడు నీళ్ళు పోయించి చూపించాను తమ్ముడూ, తూము దగ్గర ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి నిలబెట్టి. ఒప్పుకుంది. వాళ్ళమ్మ మాత్రం ఒప్పుకోలేదు, తడి నేనే తుడిచాను. ఇప్పుడు అమ్మాయి ‘ప్రమేయం’ మీద పడింది: "నా ప్రమేయం ఏమీ లేదు అంటావుగా, ఆ ప్రమేయమేనా ఇది?" దానికి వేరే పోస్టు పెడతాను.