ఇంట్లో తీసుకున్న ఫొటోలు ఊరి చరిత్రకు సాక్ష్యం అవుతాయా?

హంద్రీగట్టు:
ఇల్లు మారుతున్నాం, మావాళ్లు పాత ఆల్బమ్‌లన్నీ గోనెసంచిలో వేసి పారేద్దామంటున్నారు, నేను ససేమిరా అన్నా. 2009 అక్టోబర్‌లో కర్నూల్లోకి వరదొచ్చినప్పటి ఫొటోలు పేపర్లలో బోలెడున్నాయి, కానీ మునిగిన వీధులు, పడవలు, అవే. నీళ్లు తీసినాక ఇంట్లో మనిషి ఎట్ల బతికినాడో వాటిల్లో యాడుంది?

బురుజు_నీడ:
సెంటిమెంట్ సరే అన్నా, సాక్ష్యం అంటే ఎవరు తీసినారు, ఎప్పుడు, యాడ, ఇవి తేలాల. మూలన నారింజ రంగులో పడే తేదీని అస్సలు నమ్మొద్దు, బ్యాటరీ అయిపోతే చాలా కెమెరాల్లో డేట్ మొదటికొచ్చేది, మళ్లీ సెట్ చేసే ఓపిక ఎవడికుంది? వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే తీసిన టైమూ లొకేషనూ ఎగిరిపోతాయి. వానాకాలం వస్తే చాలు, ఏదో ఊరి వరద తెచ్చి మన తుంగభద్ర అని తిప్పుతారు.

హంద్రీగట్టు:
తేదీ ఒక్కటేనా? మా చెల్లి బర్త్‌డే ఫొటో ఒకటుంది, కేక్ కోసం తీసిందే. వెనక గోడకి స్విచ్ బోర్డు పైన మట్టి చార, దాని కింద సున్నం పెచ్చులు లేచి, ఫ్రిజ్ ఇటుకల మీద ఎక్కించి, పక్కన క్యాలెండర్ ఆ నెలదే. పోజులో అబద్ధం ఉంటుందేమో గానీ ఆ గోడని ఎవరూ పోజు పెట్టించలేదు కదా.

వన్‌టౌన్_అక్క:
గోడ నిజమే తమ్ముడూ, ఆ గోడ ఎవరింటిది? అప్పట్లో మా వీధిలో కెమెరా ఉన్నవి ఒకటో రెండో కొంపలు. ఏటి పక్క గుడిసెలోళ్లకి గోడే మిగల్లేదు, ఇంక ఫొటో యాడిది? ఆల్బమ్‌లే చరిత్ర అంటే కాస్త ఉన్నోళ్ల చరిత్రే మిగుల్తాది. అదీ పెళ్లిళ్లూ పుట్టినరోజులూ, చావూ అప్పూ ఎవరూ తీయరు.

హంద్రీగట్టు:
ఒప్పుకుంటా అక్కా, అట్లని పేపర్లోళ్లవీ గవర్నమెంటువీ మేలా? 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పటివి చూడండి, ఎక్కువ నాయకుల గ్రూప్ ఫొటోలే. డేరాల్లో ఫైళ్లు రాసిన గుమస్తా మధ్యాహ్నం ఏం తిన్నాడో నాకు కావాల.

వన్‌టౌన్_అక్క:
అయితే ముందు మీ అవ్వని కూచోబెట్టుకో, పేర్లూ వీధులూ అడిగి ప్రతి ఫొటో వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాయి, పెన్ను వద్దు, ఇంకు ముందుకి దిగుతుంది. ఫొటోలో లేని పక్కింటోళ్ల సంగతీ అడుగు.

బురుజు_నీడ:
నేనింకా నా మాట మీదే ఉన్నా. కానీ స్కాన్ చేస్తే నాకు డాక్యుమెంట్‌గా పంపు, ఫొటోగా కాదు. ఫైల్లో పడేది స్కాన్ చేసిన తేదీ, దాన్ని పట్టుకుని ఇంకో గొడవ పెట్టుకోకండి. తేదీ తేలని దానికి తెలీదు అనే రాయి.