డబ్లిన్‌లో ఐరిష్ దంపతుల ఇంట్లో గది: ఒప్పుకోవచ్చా?

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. ఈ సెప్టెంబరులో డబ్లిన్‌లో ఎమ్మెస్సీలో చేరుతున్నాను. యూనివర్సిటీ హాస్టల్లో గదులన్నీ నిండిపోయాయట. వెతగ్గా వెతగ్గా డ్రమ్‌కాండ్రాలో ఒక ఇల్లు దొరికింది. రిటైరైన దంపతులు, పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారు. వీడియో కాల్‌లో ఆవిడ ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు, అమ్మకు నచ్చారు. నాన్నగారు మాత్రం ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో ఆడపిల్ల ఏమిటని ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

నెలకు 800 యూరోలు. ఉదయం టిఫిను, రాత్రి భోజనం వాళ్లవే. నేను గుడ్డు కూడా తినను, ఆ సంగతి ఇంకా చెప్పలేదు. ప్రకటనలో ‘సోమవారం నుంచి శుక్రవారం వరకు’ అని ఉంది, అదెందుకో అర్థం కాలేదు. ఇలా ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పగలరా? వంటింట్లోకి రానిస్తారా? ఒక నెల అద్దె ముందే పంపమంటున్నారు, పంపవచ్చా?

కూకట్‌పల్లి_నాన్న:
అమ్మా, మా అబ్బాయి కార్క్‌లో మొదట ఇలాగే ఒక కుటుంబంతో ఉన్నాడు. వాడికి జ్వరమొస్తే ఆ ఇంటాయనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మీ నాన్నగారికి ఈ మాట చెప్పండి. డబ్బు మాత్రం ఎవరైనా వెళ్లి ఇల్లు కళ్లారా చూశాకే పంపండి. అక్కడ మన పిల్లలు చాలామంది ఉన్నారు, ఒకరిని అడిగితే కాదనరు.

హనుమకొండ_ఆడపడుచు:
చెల్లెమ్మా, నేను డబ్లిన్‌లోనే గ్లాస్నెవిన్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉద్యోగం. అన్నిటికంటే ముందు ఆ సోమవారం, శుక్రవారం సంగతి తేల్చుకోండి. ఇక్కడ ఇలాంటి గదులను ‘డిగ్స్’ అంటారు. దూరాన ఉన్న మేయో జిల్లా నుంచో కెర్రీ జిల్లా నుంచో వచ్చి చదువుకునే పిల్లలకు అలవాటైన ఏర్పాటు ఇది. వాళ్లు శుక్రవారం సాయంత్రం మాసిన బట్టల సంచీతో బస్సెక్కి, ఆదివారం రాత్రి అమ్మ చేతి కూరలతో దిగుతారు. శని, ఆదివారాలు ఇల్లు తమకు మిగులుతుందన్న ధైర్యంతోనే చాలామంది గది ఇస్తారు. తెనాలి పిల్ల శుక్రవారం సాయంత్రం ఎక్కడికి పోతుంది? ఏడు రోజులూ ఉంటానని చెప్పి, ఒప్పుకున్నట్టు మెయిల్ రాయించుకోండి. క్రిస్మస్ మాట కూడా ఇప్పుడే అడగండి. ఆ పండక్కి పిల్లలూ మనవలూ దిగుతారు, మీ మంచం వాళ్లకు కావాలి.

ఆవిడ ఎంత ఆప్యాయంగా ఉన్నా మెయిల్ ఎందుకంటే, ఇంటి యజమాని అదే ఇంట్లో కాపురం ఉంటే ఐరిష్ చట్టం లెక్కలో మీరు అద్దెదారు కారు, వాళ్ల అనుమతితో ఉంటున్న మనిషి మాత్రమే. అద్దె తగాదాలు తీర్చే బోర్డు మీ ఫిర్యాదు తీసుకోదు. పొమ్మంటే కాస్త వ్యవధి ఇచ్చి పొమ్మనాలి, అంతే. కాబట్టి అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు, ఖాళీ చేయాలంటే ఎన్ని వారాల ముందు చెప్పాలి, రెండూ కాగితం మీద ఉండాలి. బ్యాంకు ఖాతాకు చిరునామా రుజువు అడుగుతారు గనుక, మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఉత్తరం ఇస్తారా అని కూడా అడగండి. సొంత ఇంట్లో గది అద్దెకిస్తే ఏడాదికి 14,000 యూరోల దాకా ప్రభుత్వం పన్ను వేయదు, తిండికి తీసుకునేది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. దాటితే మాత్రం మొత్తానికీ పన్ను పడుతుంది. మీ 800 చొప్పున ఏడాదికి 9,600, కాబట్టి పన్నుకు భయపడి అద్దె సంగతి దాచాల్సిన అవసరమే వాళ్లకు లేదు. అయినా ఉత్తరం ఇవ్వనంటే నేనైతే ఆ గది తీసుకోను.

ఇక వంటిల్లు. గుడ్డు తినరని ఈ రోజే చెప్పండి. కూరగాయల సూపు అంటారు గానీ అందులో తరచూ కోడి రసం బిళ్ల వేస్తారు. ఉడికించిన బంగాళాదుంపల మీద పోసే గ్రేవీ చాలాసార్లు మాంసం రసమే. దాచిపెట్టి పెట్టరు, వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు, అంతే. ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాలి. మా ఇంటావిడ నాకోసం దుంపలు, క్యారెట్, క్యాబేజీ విడిగా ఉడికించి వెన్నా ఉప్పూ వేసి పెట్టేది. సాయంత్రం ఆరింటికల్లా భోజనం. నేను పక్కన కాస్త ఆవకాయ వేసుకుంటే ఆ ఎరుపు చూసి ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకునేది.

తాలింపు దగ్గరే అసలు తంటా. చలికి తలుపులూ కిటికీలూ మూసిన ఇళ్లు, మెట్ల మీద కూడా కార్పెట్, వంటింటి పక్కనే కోట్లు తగిలించే కొక్కేలు. ఇంగువ, ఎండుమిరపకాయ ఘాటు వాటికి పట్టిందంటే వారం వదలదు. ఆవిడ ఒక్క మాట అనేది కాదు. జనవరి చలిలో వచ్చి పెరటి తలుపు బార్లా తెరిచి, టీ కప్పుతో ముందు గదిలోకి వెళ్లిపోయేది. ఐరిష్ వాళ్ల మందలింపు ఇలాగే ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. ఆ తర్వాత నుంచి ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లగానే కిటికీలన్నీ తెరిచి, వారానికి సరిపడా తాలింపు వేసి సీసాలో పెట్టేసేదాన్ని. మిగతా రోజుల్లో పప్పు ఉడికించి ఒక చెంచా కలుపుకుంటే చాలు. మజ్జిగకు లోటు లేదు. ఇక్కడి సోడా రొట్టెకు పుల్లటి మజ్జిగే కలుపుతారు గనుక ప్రతి సూపర్ మార్కెట్లోనూ డబ్బాల్లో దొరుకుతుంది. ఉప్పు వేసుకుని నేను గ్లాసుతో తాగుతుంటే ఆవిడ తన చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఇంకొకటి, ఇమ్మర్షన్, అంటే నీళ్లు కాచే కరెంటు హీటరు. మెట్ల పైన అల్మరాలో వేడినీళ్ల ట్యాంకు ఉంటుంది. ఆ అల్మరాను హాట్ ప్రెస్ అంటారు, అందులోనే తువాళ్లు ఆరబెడతారు. పక్కన మీటకు ‘సింక్’, ‘బాత్’ అని రెండు స్థానాలు. మొదటిది చేతులు కడుక్కోవడానికి, రెండోది ట్యాంకు మొత్తం కాగడానికి. ఇల్లు తగలబడినా సర్దుకుంటారు గానీ, బాత్ మీద పెట్టి కాలేజీకి వెళ్లిపోతే క్షమించరు.

మియాపూర్_కుర్రాడు:
ఇంత తలనొప్పి ఎందుకండీ? మనవాళ్లు నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటే ఇష్టమొచ్చినప్పుడు వండుకోవచ్చు. ఆరింటికే అన్నం తిని పడుకోవడం మనవల్ల అయ్యే పనేనా?

హనుమకొండ_ఆడపడుచు:
తమ్ముడూ, ఆ ఇల్లు దొరికితే మంచిదే. సెప్టెంబరులో ఒక్క గదికి ఎంతమంది వరుసలో ఉంటారో చూశావా? పైగా నా ఇంగ్లీషు బాగుపడింది క్లాసులో కాదు, ఆవిడతో కూర్చుని టీవీలో రాత్రి తొమ్మిది గంటల వార్తలు చూస్తూనే. ముందు అక్కడ దిగి, ఊరు తెలిశాక నీ మాట ప్రకారం మారవచ్చు.

తెనాలి_అమ్మాయి:
అక్కా, చాలా థ్యాంక్స్. ఆవిడతో మాట్లాడాను. వారంలో ఏడు రోజులూ ఉంటే నెలకు 900 అన్నారు. రాత్రి ఏడు దాటాక వంటిల్లు నాదే. ఉత్తరం ఇస్తారట. హైదరాబాదు అన్నయ్య ఒకరు వెళ్లి ఇల్లు చూసి ఫోటోలు పంపారు, నాన్నగారు కాస్త మెత్తబడ్డారు. కానీ మీరన్నట్టే డిసెంబరు 20 నుంచి జనవరి 2 దాకా ఆస్ట్రేలియా నుంచి వాళ్లబ్బాయి కుటుంబం వస్తుందట, గది ఖాళీ చేయాలన్నారు. అప్పుడేం చేయాలి?

హనుమకొండ_ఆడపడుచు:
900కు ఒప్పుకోండి, ఆ రోజుల అద్దె మాత్రం తగ్గించమనండి. ఇది న్యాయమైన మాటే, ఆవిడ కాదనకపోవచ్చు. సెలవుల్లో ఇండియా వెళ్లే మన పిల్లల గదులు ఖాళీ అవుతాయి. నవంబరు మొదట్లోనే ఒకరితో మాట్లాడుకుని, వాళ్ల యజమానికి కూడా చెప్పించండి. డిసెంబరు 15 నుంచి జనవరి 15 వరకు విద్యార్థులు వారానికి 40 గంటలు పని చేయవచ్చు, మామూలు రోజుల్లో 20 గంటలే. అందుకని దుకాణాలకు దగ్గరగా ఉండే గది చూసుకోండి. 24న బస్సులు పెందరాళే ఆపేస్తారు. 25న ఊళ్లో బస్సూ ఉండదు, రైలూ ఉండదు. పాలూ బియ్యమూ ముందే తెచ్చి పెట్టుకోండి.