బాబు పేరు పీసాకి వచ్చింది, ప్రిపేర్ చేయించాలా? (మెల్‌బోర్న్)

కిరణ్ (వెర్రిబీ):
అందరికీ నమస్కారం. ఉగాది అయిన వారానికి హైదరాబాద్ నుంచి వచ్చాం. బాబు ఇయర్ 10, పాప ఇయర్ 4. నిన్న బాబు స్కూల్ నుంచి లెటర్ వచ్చింది, పీసా అనే అంతర్జాతీయ పరీక్షకి ఎంపికయ్యాడట. ఇంట్లో ఒకటే టెన్షన్. మా ఆవిడ అప్పుడే కోచింగ్ సెంటర్లు వెతుకుతోంది. ఈ మార్కులు యూనివర్సిటీ సీటుకి గానీ పీఆర్‌కి (శాశ్వత నివాస వీసాకి) గానీ అడ్డొస్తాయా? పాపకేమో వచ్చే మార్చిలో నాప్లాన్ అనే దేశవ్యాప్త పరీక్ష ఉంటుందంటున్నారు. రెండూ ఒకటేనా? ఇంకా షార్ట్ స్టేలోనే ఉన్నాం. ఇల్లు చూసుకోవాలి.

పద్మ (పాయింట్ కుక్):
కిరణ్ గారూ, ముందు మీ ఆవిడని ఆ వెతుకులాట ఆపమనండి. పీసాలో మీ బాబుకి మార్కులే రావు. వాడికీ చెప్పరు, మీకూ చెప్పరు. ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ వాళ్లు 2000 నుంచి నడుపుతున్న సర్వే ఇది. పదిహేనేళ్ల పిల్లల్లో కొందరిని చీటీ తీసినట్టు ఎంచుకుని చదవడం, లెక్కలు, సైన్సు ఎలా వాడుకుంటున్నారో చూస్తారు. కంప్యూటర్ మీద రెండు గంటలు, ఆ తర్వాత ఇంటి గురించి, బడి గురించి ఒక ప్రశ్నపత్రం. అందరికీ ఒకే పేపరు ఉండదు, ఒక్కొక్కరికి కొన్ని ముక్కలే పడతాయి. అందుకే ఒక పిల్లాడి మార్కు అనేదే దాంట్లో లెక్కలోకి రాదు, దేశం మొత్తానికి కలిపి సగటు తీస్తారు. 2022లో ఇక్కడ 13 వేలకు పైగా పిల్లలు రాశారు. ఫలితాలు రాసిన మరుసటి ఏడాది వస్తాయి, వార్తాపత్రికల్లో ఒక వారం గోల ఉంటుంది, అంతే. యూనివర్సిటీకి సంబంధం లేదు, వీసాకి అసలే లేదు. ఇష్టం లేకపోతే రాయించనని కూడా చెప్పొచ్చు. నేనైతే రాయనిస్తాను.

సుబ్బారావు (ట్రుగనీనా):
పరీక్ష సంగతి పద్మ గారు చెప్పేశారు. నేను ఇల్లు గురించి చెప్తా, అసలు దెబ్బ తగిలేది అక్కడే.

మేం వచ్చిన కొత్తలో అందరూ స్కూళ్ల నాప్లాన్ ఫలితాలు చూపించే మై స్కూల్ వెబ్‌సైట్ చూడమన్నారు. చూశాను. ఒక ప్రైమరీ స్కూల్ నాప్లాన్ నంబర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. అదే స్కూల్ పేరు పెద్ద అక్షరాలతో వేసి, జోన్‌లోనే ఉంది అని ఒక అద్దె ఇంటి ప్రకటన. పక్క వీధి కంటే వారానికి నలభై డాలర్లు ఎక్కువ. ఏజెంటుని అడిగితే డోంట్ వర్రీ అన్నాడు. సంతకం పెట్టాం, నెల అద్దె బాండ్ (డిపాజిట్) కట్టాం, సామాన్లు దింపుకున్నాం. సోమవారం పిల్లల్ని తీసుకుని స్కూల్ ఆఫీసుకి వెళ్తే అక్కడావిడ ఏ అడ్రస్ ఏ స్కూల్ జోన్‌లోకి వస్తుందో చూపించే ఫైండ్ మై స్కూల్ సైటు తెరిచి, మా అడ్రస్ కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పింది. గీత సరిగ్గా మా రోడ్డు మధ్యలోంచి పోతోంది. సరి సంఖ్యల ఇళ్లు లోపల, బేసి సంఖ్యల ఇళ్లు బయట. మాది పదిహేడు. ఎదురింటివాళ్ల పిల్లలు గేటు దాటి అదే స్కూల్‌కి నడిచి వెళ్తుంటే మా వాళ్లు ఇంకో స్కూల్‌కి కారులో.

ఏజెంటుకి ఫోన్ చేస్తే ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఉంది చూడండి సార్ అన్నాడు. వివరాలు మీరే సరిచూసుకోవాలని ఒక వాక్యం, భూతద్దం పెడితే తప్ప కనపడదు. లీజు మధ్యలో వదిలేస్తే కొత్తవాళ్లు దొరికేదాకా అద్దె, మళ్లీ ప్రకటన ఖర్చు మనదే. ఏడాది నోరు మూసుకుని ఉన్నాం. వెళ్లేటప్పుడు ఓవెన్ శుభ్రంగా లేదని బాండ్‌లో కోత పెట్టబోయాడు. బాండ్ ఉండేది ఆర్‌టీబీఏ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర, ఏజెంటు జేబులో కాదు, కాబట్టి నేను ఒప్పుకోలేదు, మొత్తం వెనక్కి తెచ్చుకున్నా. అది ఇంకో కథ.

అడ్రస్ ఫైండ్ మై స్కూల్‌లో కొట్టి చూడకుండా ఇల్లు చూడ్డానికి కూడా వెళ్లొద్దు.

రఘు (గ్లెన్ వేవర్లీ):
అయ్యా, ఇవన్నీ పడమటి వైపు ఉన్నవాళ్ల బాధలు. తూర్పుకి వచ్చేయండి. ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. నాప్లాన్‌లో కింది లెవెల్ వస్తే సెలెక్టివ్ స్కూళ్లకి (పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ స్కూళ్లు) అప్లై కూడా చేయనివ్వరు. పాపని ఇప్పట్నుంచే కోచింగ్‌లో వేయండి. మా వాడిని ఇయర్ 3 నుంచి వేశాం.

అనిత (టార్నీట్):
రఘు గారూ, ఇది తప్పు. నేను ప్రైమరీ స్కూల్లో ఎడ్యుకేషన్ సపోర్ట్‌లో పనిచేస్తున్నా, రోజూ చూసేదే చెప్తున్నా. సెలెక్టివ్ ప్రవేశ పరీక్ష వేరు, నాప్లాన్ వేరు. విక్టోరియాలో అలాంటివి నాలుగు స్కూళ్లు, ప్రవేశం ఇయర్ 9కి. దానికీ ఇయర్ 5 నాప్లాన్‌కీ ముడిపెట్టకండి, కొత్తవాళ్లు హడలిపోతారు.

కిరణ్ గారూ, నాప్లాన్ 2008 నుంచి ఉంది. ఇయర్ 3, 5, 7, 9 పిల్లలందరూ రాస్తారు. పీసాలా కొందరే కాదు. 2023 నుంచి మే బదులు మార్చిలో పెడుతున్నారు, పాత బ్యాండ్లు తీసేసి నాలుగు లెవెల్స్ చేశారు: ఎక్సీడింగ్, స్ట్రాంగ్, డెవలపింగ్, నీడ్స్ అడిషనల్ సపోర్ట్. పాపకి ఇయర్ 5లో రైటింగ్ 42 నిమిషాలు, రీడింగ్ 50, స్పెల్లింగ్-గ్రామర్ 45, లెక్కలు 50. రీడింగ్, లెక్కల్లో మొదటి భాగం ఎలా చేసిందో చూసి కంప్యూటరే తర్వాతి భాగం కష్టంగానో తేలికగానో ఇస్తుంది. అందుకే బాగా చదివే పిల్లలే ఒక్కోసారి బయటికొచ్చి చాలా కష్టంగా ఉందని ఏడుస్తారు. రైటింగ్ కథ వస్తుందా, వాదన వస్తుందా ముందు చెప్పరు. మన పిల్లలు తడబడేది అక్కడే. హైదరాబాద్‌లో వ్యాసం బట్టీ పట్టి వచ్చిన పాప, సొంతంగా కథ రాయమంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చోవడం నేను చూశాను. కోచింగ్ డబ్బులతో లైబ్రరీకి తీసుకెళ్లండి. అక్కడ డబ్బులు కూడా అడగరు.

ఇంట్లో ఇంగ్లిష్ కాని భాష ఉండి, పరీక్ష నాటికి వచ్చి ఏడాది నిండని పిల్లలకి మినహాయింపు అడగొచ్చు. మీరు ఏప్రిల్‌లో వచ్చారు, మార్చికి ఏడాది కాదు. కానీ పాప ఇంగ్లిష్ మీడియమే కదా, రాయించండి. రిపోర్టులో పాప ఎక్కడుందో ఒక చుక్క, దేశం సగటు ఎక్కడో ఇంకో గుర్తు ఉంటాయి. టీచర్‌తో మాట్లాడ్డానికి అది పనికొస్తుంది.

సుబ్బారావు గారూ, మై స్కూల్‌లో మీరు చూసింది వట్టి సగటు. దాని పక్కనే ఐసీఎస్‌ఈఏ అని ఒక అంకె ఉంటుంది, తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం, ఊరు ఎక్కడుంది లాంటివి కలిపి లెక్కకట్టింది. సగటు 1000. అది 1150 ఉన్న స్కూల్ నాప్లాన్ బాగుందంటే అందులో స్కూల్ గొప్ప ఎంతో, డాక్టర్ల పిల్లల గొప్ప ఎంతో తెలీదు. అలాంటి నేపథ్యమే ఉన్న పిల్లలతో పోల్చి చూపించే పేజీ ఒకటుంది, అది చూడండి.

రఘు:
సరే మేడమ్, సెలెక్టివ్ గురించి నా ఫ్రెండ్ చెప్పింది చెప్పాను. కానీ ఒక మాట. ఆస్ట్రేలియా చదువులు దిగజారుతున్నాయని పీసానే చెప్తోంది. లెక్కల్లో 2003లో 524, 2022లో 487. సింగపూర్ 575. అందుకే మనవాళ్లు కోచింగ్ అంటారు. ఇండియా రాస్తే వీళ్ల పని ఖాళీ.

ప్రసాద్ (క్లేటన్):
రఘూ, ఇండియా రాసింది. 2009 విడతకి కొనసాగింపుగా తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాశాయి. చదవడంలో, లెక్కల్లో డెబ్బైనాలుగులో చిట్టచివర కిర్గిజ్‌స్తాన్, దాని పైన ఈ రెండూ. ఆ తర్వాత మన ప్రభుత్వం ప్రశ్నలు మన పిల్లల జీవితానికి సంబంధం లేనివి అని తప్పుకుంది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, చండీగఢ్‌తో మళ్లీ వస్తామన్నారు, 2022 జాబితాలో ఇండియా లేదు.

రఘు:
ఆ రెండు రాష్ట్రాలేనా ఇండియా? మన కార్పొరేట్ కాలేజీల పిల్లల్ని కూర్చోబెట్టి చూడమనండి.

ప్రసాద్:
కూర్చోబెడితే సర్వే ఎలా అవుతుంది? బడిలో ఉన్న పదిహేనేళ్ల పిల్లలందరిలోంచీ తీయాలి. ఎంచి పెడితే షాంఘైలా ఉంటుంది, 2012లో లెక్కల్లో 613. అప్పుడే చాలామంది అడిగారు, పల్లెల నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లలు ఏరని. వియత్నాం 511 తెచ్చుకున్నప్పుడూ అదే ప్రశ్న, ఆ వయసుకి బడి మానేసినవాళ్ల సంగతేంటని. అంకె ఒక్కటే చూసి చంకలు గుద్దుకోకూడదు, ఏడవకూడదు. సింగపూర్ మాత్రం నిజంగానే బాగుంది, టిమ్స్ అనే లెక్కలు, సైన్సు సర్వేలోనూ పైనే ఉంటుంది. టిమ్స్ వేరే సంస్థది, ఐఈఏది, నాలుగేళ్లకోసారి ఇయర్ 4, 8కి. పాఠాల్లో చెప్పింది ఎంత వచ్చిందో చూస్తుంది. నీకు తెలుసా, 1970లో ఐఈఏ చేసిన సైన్సు సర్వేలో ఇండియా ఉంది.

రఘు:
అన్నా, నీతో పెట్టుకోను.

పద్మ:
మీ ఇద్దరూ దీపావళి పాట్‌లక్‌లో తేల్చుకోండి. కిరణ్ గారూ, ఇంకేమైనా ఉందా?

కిరణ్:
చాలా థాంక్స్ అండీ. సంతకం పెట్టి పంపేశా. సుబ్బారావు గారి మాట విని ఒక ఇల్లు అడ్రస్ కొట్టి చూశా, ప్రకటనలో ఉన్న స్కూల్ కాదు, వేరేది వచ్చింది. ఆ ఇల్లు వదిలేశాం. ఇంకొక్క డౌట్. బాబు చెప్తున్నాడు, ప్రశ్నపత్రంలో ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నాయి, ఏ భాష మాట్లాడతారు అని అడుగుతారట. మా పుస్తకాలు ఇంకా ఓడలో ఉన్నాయి. ఏం రాయాలి? ఇంగ్లిష్ మాట్లాడతామని రాస్తే మంచిదా?

పద్మ:
మాట్లాడేది తెలుగైతే తెలుగే రాయమనండి, దానికి మార్కులేం తగ్గవు. పుస్తకాలు ఉజ్జాయింపుగా రాస్తే చాలు. స్కూల్ పుస్తకాలు, మ్యాగజైన్లు లెక్కలోకి రావు, కాబట్టి ఎంసెట్ గైడ్లు ఎన్ని పెట్టెలు వస్తున్నా తీసేయండి.

సుబ్బారావు:
ఓడలో అంటున్నారు, కస్టమ్స్ వాళ్లకి చెక్క సామాన్లు, పచ్చళ్లు డిక్లేర్ చేశారా? మాకు ఒకసారి ఏమైందంటే...