ట్రస్ట్ నిబంధనల్లో లేదని అధిక పింఛను ఇవ్వకపోతే అది హక్కుల ఉల్లంఘనేనా?

జమాఖర్చు: ఉద్యోగుల పీఎఫ్‌ను సొంత ట్రస్ట్‌తో తామే నడుపుకునే కంపెనీల (1952 పీఎఫ్ చట్టం, సెక్షన్ 17 మినహాయింపు) ఉద్యోగులు పూర్తి జీతం లెక్కన పింఛను కోరుతూ పెట్టిన దరఖాస్తులను ఈపీఎఫ్‌వో (ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ) తిప్పి పంపుతోంది. కారణం: ట్రస్ట్ నిబంధనల్లో పీఎఫ్ జమ 15,000 జీతం పరిమితి వరకేనట. 2022 నవంబర్ 4న సునీల్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు మినహాయింపు సంస్థల వాళ్లనూ మిగతావాళ్లతో సమానంగా చూడమంది. ఆ తర్వాత కూడా ట్రస్ట్ కాగితం అడ్డుపెట్టడం రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 300ఎ (ఆస్తి హక్కు) అధికరణలకు విరుద్ధం.

లాపాయింట్: 14 వరకు సరే. 300ఎ అతకదు. 1978లో 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది. చట్టం అనుమతి లేకుండా లాక్కోకూడదు, మిగిలింది అంతే. ఇంకా చేతికి రానిదాన్ని లాక్కున్నారని ఎలా అంటాం? పింఛను దయ కాదు, హక్కు అన్న సుప్రీంకోర్టు నకారా తీర్పు (1982) చూపిస్తారేమో, అది ఖజానా నుంచి ఇచ్చే ప్రభుత్వ పింఛను గురించి. ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) చందాల నిధి. అందులో మిగతా సభ్యులకూ హక్కుంది.

జమాఖర్చు: ఊరికే ఇమ్మని ఎవరూ అడగడం లేదండీ. బేసిక్, డీఏ కలిపి 60,000 అనుకోండి. 15,000 పరిమితి మీద పింఛను ఖాతాకు వెళ్లింది 1,250. పూర్తి జీతం మీదైతే 8.33 శాతం, అంటే 4,998. పరిమితి దాటిన 45,000 మీద 1.16 శాతం, అంటే 522. మొత్తం 5,520. నెలకు 4,270 తేడా వడ్డీతో సహా ట్రస్ట్ కడుతుంది. నిధికి చిల్లెక్కడ?

లాపాయింట్: చిల్లు అక్కడే. చందా ఏ ఏటి జీతం మీద ఆ ఏడు కట్టారు. పింఛను మాత్రం ఆఖరి 60 నెలల సగటు మీద. తొలినాళ్ల చిన్న జీతాల లోటు వడ్డీతో పూడదు.

పాతరూలు: ఆ లోటు ట్రస్ట్ లేని కంపెనీల వాళ్ల విషయంలోనూ ఉంది, అయినా వాళ్లకు ఇస్తున్నారు. కాబట్టి ట్రస్ట్ వాళ్లను ఆపడానికి అది కారణం కాదు.

మీరిద్దరూ పీఎఫ్ స్కీము 27ఏఏ పేరాలో మినహాయింపు సంస్థలకు పెట్టిన షరతులు వదిలేశారు. స్కీములో ఉద్యోగికి మేలు చేసే సవరణ వస్తే, ట్రస్ట్ నిబంధన మారేదాకా ఆగకుండా అదే వర్తిస్తుంది. నిబంధన మార్చాలంటే ప్రాంతీయ కమిషనర్ ముందస్తు అనుమతి కావాలి. ఉద్యోగుల మాట వినాలి. ట్రస్టీల్లో యాజమాన్యానికి, ఉద్యోగులకు సమాన సంఖ్య. ఇన్ని కాపలాలు ఉద్యోగి కోసం పెట్టి, అదే నిబంధనను అతని మీదికే తిప్పడం నాకు మింగుడుపడదు. 26(6) పేరా ఐచ్ఛికం (పరిమితి దాటిన జీతం మీద కూడా జమ కట్టే ఎంపిక) స్కీముకు సవరణ కాదు, మొదటి షరతు దానికి చెల్లదని లాపాయింట్ గారు అంటారు. నిజమే, బలహీనత అక్కడే ఉంది.

అందుకే రిట్ వేసేవాళ్లు హక్కుల ఉపన్యాసంతో మొదలెట్టొద్దు. ట్రస్ట్ నిబంధనల ఆమోదిత ప్రతి, పూర్తి జీతం మీద జమ చూపే వార్షిక స్లిప్పులు, తిరస్కరణ ఉత్తర్వు ముందు పెట్టండి. నిబంధనలో లేని జమను తనిఖీల్లో ఏళ్ల తరబడి ఎందుకు ఒప్పుకున్నారన్న ప్రశ్నకు అవతలివాళ్లు జవాబు చెప్పుకోవాలి.

లాపాయింట్: ఆ వాదనైతే నిలుస్తుంది. 300ఎ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.